క్షతగాత్రుడు: గాత్రమంటే ఒళ్ళా, గొంతా?

బస్సు బోల్తా పడితే పేపర్లో "క్షతగాత్రులను ఆస్పత్రికి తరలించారు" అని వస్తుంది. సరిహద్దులో జవానుకి తూటా తగిలినా అదే మాట. చనిపోతే వీరమరణం. కాలో చెయ్యో పోగొట్టుకుని ఇంటికొచ్చినవాడికి "వీరగాయం" అని ఎవరూ రాయరు, గమనించారా? జర్మన్ రచయిత రెమార్క్ మొదటి ప్రపంచయుద్ధం మీద రాసిన నవల 'ఆల్ క్వయట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్' (1929)లో ఓ అధ్యాయం సరదాకి తెనిగిస్తున్నాను. ఆస్పత్రి మంచం మీదున్న కుర్ర సైనికుడు కెమరిక్‌ని క్షతగాత్రుడు అనడానికి చెయ్యి రావట్లేదు. ఏమనాలి?

— తప్పేముందండీ? బహువ్రీహి సమాసం. క్షతమైన గాత్రము గలవాడు. సంస్కృతంలో గాత్రమంటే ఒళ్ళు, అవయవం. నిక్షేపంలా సరిపోతుంది.

— అర్థం సరిపోతుంది మాస్టారూ, కథ చెప్పే పాల్ నోట్లో నప్పదు. కెమరిక్ వాడితో బడికెళ్ళిన కుర్రాడు. పాదం నొప్పెడుతోందంటాడు. కాలు తీసేశారని అప్పటికి వాడికే తెలీదు. చూడ్డానికొచ్చిన ముల్లర్‌కేమో వాడి బూట్ల మీద కన్ను. మా పెదనాన్నకి షుగరొచ్చి మోకాలి కిందకి తీసేశారు. "బొటనవేలు దురదరా, కాస్త గోకు" అనేవాడు. దుప్పటి మీద ఉత్తినే గోకేవాళ్ళం. "కాలు తీసేశారు" అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. కెమరిక్ దగ్గర కూడా ఆ రెండు ముక్కలే రాయండి, పేరేమీ పెట్టకండి.

— ఒప్పుకుంటాను. కానీ తెలుగులో గాత్రమంటే గొంతు కూడా కదా, గాత్ర కచేరీ అంటాం. డాల్టన్ ట్రంబో నవల 'జానీ గాట్ హిస్ గన్' (1939) చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండు పడి జో బోనమ్ అనే సైనికుడికి కాళ్ళూ చేతులూ కళ్ళూ చెవులూ నాలుకా అన్నీ పోతాయి. తలని దిండుకేసి కొడుతూ టెలిగ్రాఫువాళ్ళ మోర్స్ కోడ్‌లో మాట్లాడతాడు. ఆస్పత్రివాళ్ళు అదేదో మూర్ఛనుకుని మత్తుమందిస్తారు. ఆఖరికి ఒక కొత్త నర్సు వాడి ఛాతీ మీద వేలితో అక్షరాలు రాసి క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతుంది. ఒళ్ళూ గొంతూ రెండూ పోయినవాడు. క్షతగాత్రుడంటే వాడే.

— బాగుంది, కానీ పేపరు చదివే పాఠకుడికి బస్సే గుర్తొస్తుందేమో!

— రానివ్వండి. "క్షత గాత్రుడు" అని మధ్యలో కాస్త జాగా వదిలి అచ్చువేయించండి. ప్రూఫులు దిద్దేవాడు కలిపేయకుండా చూసుకోవాలి, అంతే.