సెషన్స్ కోర్టు బండిల్‌లో (కేసు కాగితాల కట్టలో) క్రాస్ ఎగ్జామినేషన్ పేజీలు లేవు, హైకోర్టు అప్పీలులో ఏం చేయాలి?

నల్గొండ జూనియర్:
హత్య కేసు, జీవిత ఖైదు. అప్పీలు ఫైనల్ హియరింగ్‌కు వచ్చింది. కింది కోర్టు నుంచి వచ్చిన బండిల్‌లో పీడబ్ల్యూ-3 (ప్రాసిక్యూషన్ మూడో సాక్షి) చీఫ్ (ప్రాసిక్యూషన్ అడిగిన భాగం) ఉంది, క్రాస్ (మన వైపు అడిగిన భాగం) లేదు. ఆయనే ప్రత్యక్ష సాక్షి. పోలీసులు దర్యాప్తులో రాసుకున్న ఆయన 161 స్టేట్‌మెంట్‌లోంచి మార్కు చేయించిన డిఫెన్స్ ఎగ్జిబిట్లు డి-1, డి-2 కూడా లేవు. 2022లో కొత్త జిల్లా కోర్టులు వచ్చినప్పుడు ఫైలు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు వెళ్లింది. ట్రయల్ నడిపిన సీనియర్ కాలం చేశారు. జడ్జిమెంట్‌లో సాక్ష్యం సారాంశం ఉంది కదా, దాని మీదే వాదించెయ్యమని సలహా ఇస్తున్నారు. ముద్దాయి జైలుకెళ్లి ఐదేళ్లు దాటింది. అలా వాదించొచ్చా? లేక రికార్డు లేదు కాబట్టి నేరుగా విడుదల అడగొచ్చా?

పాలమూరు వకీల్:
జడ్జిమెంట్ మీద వాదనకు ససేమిరా ఒప్పుకోకండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 385, 386 సెక్షన్ల ప్రకారం (ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 426, 427) హైకోర్టు రికార్డు తెప్పించి, చదివి తీర్పు చెప్పాలి. వకీలు రాకపోయినా అప్పీలును రికార్డు చూసే తేల్చాలని 1996లో బానీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

జడ్జిమెంట్‌లో చీఫ్ గురించి రెండు పేజీలు ఉంటాయి. క్రాస్ గురించి మాత్రం 'ముద్దాయికి పనికొచ్చే విషయమేదీ రాబట్టలేకపోయారు' అని ఒక్క వాక్యం. అప్పీలులో మీరు తప్పని చూపించాల్సింది ఆ వాక్యాన్నే. క్రాస్ లేకపోతే దేన్ని చూపించి తప్పంటారు? కాగితాలు పోతే రెండు పక్షాలకూ సమానంగా నష్టమనుకోవడం పొరపాటు. ప్రాసిక్యూషన్ కథ జడ్జిమెంట్‌లో భద్రంగా ఉంటుంది, డిఫెన్స్ రాబట్టింది ఆ షీట్లతోపాటే పోతుంది.

313 వాంగ్మూలం (సాక్ష్యంపై కోర్టు ముద్దాయిని అడిగిన ప్రశ్నలు, జవాబులు) ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి. ముద్దాయిని అడగని అంశాన్ని అతనికి వ్యతిరేకంగా వాడుకోకూడదు. ఆ షీట్లు లేకపోతే అడిగారో లేదో తేల్చలేం.

రికార్డు రూమ్ పెద్దాయన:
తమ్మీ, పోయినయ్ అని రాసే ముందు డాకెట్ షీట్ (వాయిదాల వారీగ కోర్టు రాసే షీట్) తీసి తారీఖుల వారీగ చూడు. చీఫ్ ఒకనాడు, క్రాస్ ఇంకోనాడు అయితే ఆ క్రాస్ వేరే షీట్ల మీద ఉంటది. బండిల్ కుట్టేటప్పుడు చీఫ్ ఎనుక పెట్టాలె, పెట్టరు. ఎక్కువ పోయేటివి గవ్వే. జడ్జిమెంట్ ఆఖర్ల అపెండిక్స్ ఉంటది కదా, పీడబ్ల్యూలు, పి, డి ఎగ్జిబిట్లు, ఎంఓ (కోర్టుల దాఖలైన వస్తువులు) నంబర్లు అన్ని ముందు పెట్టుకొని ఒక్కొక్కటి టిక్కు కొట్టు.

ముద్దాయిలల్ల ఎవరన్న పరారీల ఉంటే కేసు స్ప్లిట్ అయిందా అడుగు. అయితే అసలు కాగితాలు రెండో ఎస్సీ (సెషన్స్ కేసు) నంబర్ బండిల్ల ఉండొచ్చు. కమిటల్ చేసిన (కేసును సెషన్స్‌కు పంపిన) మేజిస్ట్రేట్ కోర్టుల పీఆర్సీ ఫైలు (అక్కడి కేసు ఫైలు) గూడ చూపియ్యి. డిపాజిషన్లు (సాక్షులు కోర్టుల చెప్పింది) కంప్యూటర్ల కొడ్తరు కాబట్టి సాఫ్ట్ కాపీ దొరకొచ్చు, కానీ సంతకం లేని కాపీని జడ్జి సర్టిఫై చేస్తెనే చెల్లుతది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఆఫీసు బండిల్, సీనియర్ ఇంట్ల ఫైలు, ఛార్జిషీటుతోని ఇచ్చిన కాపీలు ఇడువకు. ఠాణాల కేస్ డైరీ నీకియ్యరు, కోర్టే తెప్పిచ్చుకోవాలె.

ఇంకోటి, ఎంఓలు అప్పీలు గడువు దాటినంక ధ్వంసం చెయ్యాలని జడ్జిమెంట్‌లనే రాస్తరు. అప్పీలు నడుస్తున్నదని కింది కోర్టుకు రాతపూర్వకంగ తెలిపినవా లేదా చూస్కో.

హైకోర్టు ప్రాక్టీస్:
విడుదల దానంతట అదే రాదు. అభయ్ రాజ్ సింగ్ కేసు, 2004లో సుప్రీంకోర్టు వరస పెట్టింది: మొదట రికార్డు పునర్నిర్మాణం, కుదరకపోతే మళ్లీ విచారణ. 2023లో జితేంద్ర కుమార్ రోడే కేసులో శిక్షే కొట్టేశారు. అది 500 రూపాయల లంచం కేసు, 1999 నాటి శిక్ష; రికార్డు దొరకలేదు, అన్నేళ్లయ్యాక మళ్లీ విచారణ న్యాయం కాదన్నారు. మీది కొంత భాగమే పోయిన హత్య కేసు, కాబట్టి ముందు పునర్నిర్మాణమే ఆదేశిస్తారు.

అప్పీలులో ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయండి. అఫిడవిట్‌లో 'రికార్డు అసంపూర్ణం' అని ముక్తసరిగా రాస్తే పని కాదు. ఏ తేదీ డిపాజిషన్, ఏ ఎగ్జిబిట్, అది ఏ వాదనకు కావాలో ఒక్కోటి రాసి, జిల్లా జడ్జి నుంచి రిపోర్టు తెప్పించమని కోరండి. 391 కింద అదనపు సాక్ష్యం పిటిషన్ ఇక్కడ పనికిరాదు. అది ట్రయల్‌లో రాని సాక్ష్యానికి, మీవి మార్కయ్యాక పోయినవి.

డి-1, డి-2 దొరికే దారి ఐఓ (దర్యాప్తు అధికారి) సాక్ష్యం. సాక్షి కోర్టులో చెప్పినదానికీ 161లో ఉన్నదానికీ మధ్య వైరుధ్యాన్ని దర్యాప్తు అధికారి ద్వారానే రుజువు చేస్తారు కాబట్టి 'పీడబ్ల్యూ-3 నా ముందు డి-1లో ఉన్నట్టు చెప్పాడు' అన్న జవాబు ఆయన క్రాస్‌లో ఉంటుంది. 161 కాపీ పక్కన పెట్టుకుని చూస్తే మార్కయిన వాక్యం ఏదో చాలావరకు తేలుతుంది. సాక్షి 161లో చెప్పకుండా వదిలేసినవీ అక్కడే దొరుకుతాయి.

నల్గొండ జూనియర్:
ఐఓ డిపాజిషన్ పూర్తిగా ఉంది సార్. పీపీ గారి దగ్గర పీడబ్ల్యూ-3 క్రాస్ జిరాక్స్ ఉందట, సంతకాలు సరిగ్గా కనబడవట. ఒప్పుకోవచ్చా? ఈ లోపు బెయిల్ సంగతి?

హైకోర్టు ప్రాక్టీస్:
పోల్చి చూడకుండా 'అభ్యంతరం లేదు' అని మాత్రం రాయకండి. డాకెట్ తేదీ, పేజీ నంబర్ల వరస, ఐఓ జవాబులతో పొంతన చూడండి. ఒక్క పేజీ తేడా ఉన్నా అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, ఆ పేజీ వరకే ఇవ్వండి. మిగతాది మీకు అనుకూలమైన క్రాసే కదా, దాన్ని వదులుకోవద్దు. బెయిల్‌కు 389 (బీఎన్ఎస్ఎస్ 430) కింద విడిగా వేయండి. ఐదేళ్లు దాటిన వాళ్లకు బచ్చు రంగారావు కేసులో 2016లో ఉమ్మడి హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. మినహాయింపులున్నాయి, లాభం కోసం చేసిన హత్య లాంటివి దాని కిందికి రావు. రికార్డు లోటు వల్ల అప్పీలు ఆలస్యమవుతోందని, ఆ ఆలస్యంలో ముద్దాయి తప్పు లేదని బెయిల్ పిటిషన్‌లో రాయండి. ఐఏ కాపీని జత చేయండి.