స్టాక్‌లో లేనిది వాచా, బ్యాండా? తేల్చుకునేదెలా?

ప్రశ్న: యాపిల్ వాచ్ సిరీస్ 11, 46 ఎంఎం, సోలో లూప్ అనే సాగే బ్యాండ్‌తో కావాలండీ. బెంగళూరు హెబ్బాళ్ యాపిల్ స్టోర్‌లో పికప్ లేదంటోంది సైట్. లేనిది ఏది?

జవాబు 1: రెండూ కలిపి చూస్తే తేలదు. కేసు (వాచ్ బాడీ) అదే ఉంచి, బ్యాండ్ మాత్రం స్పోర్ట్ బ్యాండ్‌కి మార్చి చూడండి. పికప్ తేదీ వచ్చిందా, కొరత లూప్‌దే. అప్పుడు లూప్‌ని విడిగా, సైజు నంబరుతో వెతకండి. 6 లేకున్నా 7 ఉండొచ్చు.

జవాబు 2: ఆ నంబరు దగ్గరే బోల్తా పడతారు. మణికట్టు కొలిచే యాపిల్ కాగితం 100 శాతం స్కేల్‌లో ప్రింట్ తీయాలి. ‘ఫిట్ టు పేజ్’ పెడితే కొలత తప్పినట్టే. సోలో లూప్‌కి బకిల్ ఉండదు, బిగించుకోలేరు.

జవాబు 3: ఈలోగా పాత 44, 45 ఎంఎం బ్యాండ్ ఉంటే 46కి పడుతుంది. 41ది పట్టదు.