మెడ గడ్డ తీసేశాక రెండు ల్యాబులు రెండు రకాలుగా చెప్తున్నాయి, ఏది నమ్మాలి?

ప్రశ్న:
నమస్తే అండి. మా చెల్లికి 26 ఏళ్లు, మెడ పక్కన గడ్డ, సాయంత్రమైతే జ్వరం. ముందు సూది పరీక్షలో రియాక్టివ్ (క్యాన్సర్ కాదు, మామూలు వాపే) అని వచ్చింది, అయినా తగ్గట్లేదని ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. ఇప్పుడు బయాప్సీలో లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానం, ఐహెచ్‌సీ (కణాల రకం తేల్చే ప్రత్యేక రంగు పరీక్ష) చేయించండి అని రాశారు. అవే స్లైడ్లు ఇంకో ల్యాబుకిస్తే కికుచి, క్యాన్సర్ కాదు అంటున్నారు. ఒకే గడ్డ కదండీ, ఇంత తేడా ఎలా? కీమో ఎప్పుడు మొదలుపెడతారని చెల్లి అడుగుతోంది, ఏం చెప్పాలో తెలీట్లేదు.

జవాబు 1:
కీమో మాట ఇప్పుడే వద్దమ్మా, లింఫోమానే అని తేలి, అది ఏ రకమో తెలిస్తేగానీ మందు నిర్ణయించలేరు. సూదికి వచ్చేవి విడి కణాలే, గ్రంథి లోపలి అమరిక కనపడదు, లింఫోమాకి ఆ అమరికే కీలకం, అందుకే సూదిలో ఏమీ లేదన్నా గ్రంథి తీసి చూస్తారు. కికుచి అంటే 1972లో జపాన్ డాక్టర్లు మొదట రాసిన జబ్బు, ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకి మెడలోనే వస్తుంది, జ్వరమూ ఉంటుంది. గ్రంథిలో కొంత భాగం చచ్చిపోయి చుట్టూ పెద్ద పెద్ద లింఫ్ కణాలు కనిపిస్తాయి, వాటిని చూసి లింఫోమా అనుకోవడం పాథాలజీలో ఎప్పట్నుంచో ఉన్న చిక్కే. మీ మొదటి ల్యాబు కూడా అనుమానం అనే రాసింది, ఖాయం అనలేదు, అది గమనించండి. స్లైడ్లతో పాటు మైనం బ్లాకులు (గ్రంథి ముక్కని మైనంలో భద్రపరిచినవి) కూడా తీసుకుని హెమటోపాథాలజిస్టుకి, అంటే రక్తం, లింఫ్ జబ్బుల స్లైడ్లు చూసే నిపుణులకి చూపించండి, ఐహెచ్‌సీకి బ్లాకులోంచే కొత్త ముక్కలు కోస్తారు. రెండు రిపోర్టులూ, జ్వరం సంగతీ జతచేయండి, ఏదీ దాచొద్దు.

జవాబు 2:
ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. జ్వరానికని ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే లింఫోమా ఇంకా తేలలేదని ముందే చెప్పండి. లింఫోమా అయితే స్టెరాయిడ్‌కి గడ్డలు తాత్కాలికంగా కరిగిపోతాయి, మళ్లీ బయాప్సీ చేయాల్సొస్తే సరిగా తేలకపోవచ్చు. కికుచి అని తేలినా ఏఎన్‌ఏ టెస్ట్ (లూపస్ ఉందేమో చూసే రక్త పరీక్ష) గురించి అడగండి, లూపస్‌లో (రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కూడా గ్రంథి దాదాపు ఇలాగే కనిపిస్తుంది. మా వదినకి కికుచే, దానంతటదే తగ్గింది, మామూలుగా 1 నుంచి 4 నెలల్లో తగ్గుతుందట, కొందరికి మళ్లీ వస్తుంది కాబట్టి చెకప్ మాత్రం మానట్లేదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి, కాస్త ఊపిరి ఆడింది. బ్లాకులు అడిగితే ఇస్తారా?

జవాబు 1:
లెటర్ రాసిస్తే ఇస్తారమ్మా. తీసుకునేటప్పుడు బ్లాకు మీది నంబరూ రిపోర్టులోదీ ఒకటేనా అని అక్కడే చూసుకోండి, ఎండలో గానీ వేడిలో గానీ పెట్టకండి, మైనం కరుగుతుంది.