షేవింగ్ సబ్బు కొనేటప్పుడు గ్రాము ధర చూడాలా, డబ్బా చూడాలా?

శ్రీకాంత్_మల్కాజిగిరి:
బ్రష్‌తో నురగ కట్టి గడ్డం గీసుకునేవాళ్లలో ఎక్కువమంది సబ్బు కొనేముందు ఒకే లెక్క వేస్తారు. గ్రాముకి ఎంత పడింది? ఇప్పుడు ప్యాకెట్ మీదే గ్రాము ధర అచ్చు వేస్తున్నారు కాబట్టి ఆ లెక్కకి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. కానీ ఆ అంకె చూసి కొన్న సబ్బు సగంలో ఎండిపోయో, డబ్బాలో బ్రష్ తిరగకో మూలన పడితే ఇక చవకేముంది? నేనైతే ముందు డబ్బా చూడాలంటాను.

అన్నిటికన్నా ముఖ్యం లోపలి వెడల్పు. మామూలుగా వాడే 24 మి.మీ. నాట్ (పిడిలో కుచ్చు మొదలు మందం) బ్రష్‌ని సబ్బు మీద నొక్కి తిప్పితే కుచ్చు దాదాపు రెట్టింపు వెడల్పుకి విచ్చుకుంటుంది. 6 సెం.మీ. డబ్బాలో దానికి చోటు చాలదు. నడిమధ్యలోనే తిరిగి తిరిగి అక్కడ గుంట పడుతుంది, అంచుల్లో సబ్బు గోడలా నిలబడిపోతుంది. ఆఖర్న ఆ గోడని చెంచాతో గీకి తీయాల్సిందే. 8 సెం.మీ. ఉంటే ఈ బాధ ఉండదు.

రెండోది పైన వదిలిన ఖాళీ. అంచు దాకా నింపిన డబ్బా షాపులో చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఇంటికొచ్చి బ్రష్ పెట్టగానే నురగ చేతి మీదుగా సింకులోకి జారిపోతుంది. అలా పోయేదంతా డబ్బు పెట్టి కొన్న సబ్బే. కనీసం ఒకటిన్నర సెం.మీ. ఖాళీ ఉండాలి.

దొరికే బ్రాండ్లలో టబాక్, మిచెల్స్ ఊల్ ఫ్యాట్ 125 గ్రాముల గట్టి బిళ్లలు. గిన్నెతోనూ తీసుకోవచ్చు, రీఫిల్ విడిగానూ తీసుకోవచ్చు. చెల్లా మెత్తటి సబ్బు, 150 గ్రాముల ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. ఆర్కో 75 గ్రాముల స్టిక్. మన హైదరాబాద్ ఎండకీ నీళ్లకీ వీటిలో ఏ ప్యాకింగ్ నిలుస్తుందో, ఎందుకో రాయండి.

ఫణి_కూకట్‌పల్లి:
శ్రీకాంత్ గారూ, మీరు చెప్పిన కొలతలతో నాకు పేచీ లేదు. ఆ కొలతలున్న డబ్బా కోసం కంపెనీవాడికి ఎందుకు కట్టాలన్నదే నా ప్రశ్న. బేగంబజార్‌లో పాత్రల దుకాణాలకి వెళ్తే 8 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. లోతు ఉన్న స్టీల్ గిన్నె దొరుకుతుంది. ఒక్కసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ తర్వాత సబ్బు ఏ రూపంలో వచ్చినా అందులోకే.

లెక్క చూడండి. 8 సెం.మీ. గిన్నె అడుగు వైశాల్యం సుమారు 50 చదరపు సెం.మీ. సబ్బు సాంద్రత నీటికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి 125 గ్రాములు వేస్తే రెండున్నర సెం.మీ. మందం వస్తుంది, పైన ఇంకో రెండున్నర ఖాళీ మిగులుతుంది. 75 గ్రాముల స్టిక్ వేస్తే ఒకటిన్నర సెం.మీ. అదే 125 గ్రాములు 6 సెం.మీ. డబ్బాలో పోస్తే మందం దాదాపు నాలుగున్నర. అంత లోతులో సబ్బు సగమయ్యాక బ్రష్ పిడి అంచుకి కొట్టుకుంటూనే ఉంటుంది.

స్టిక్‌ని గిన్నెలోకి మార్చడం కష్టమేం కాదు. క్యారెట్ తురిమే పళ్ల మీద తురమండి. తురుముని మూడు విడతలుగా వేసి, ప్రతిసారీ చెంచా వెనకవైపుతో గానీ తడి వేళ్లతో గానీ గట్టిగా అదమండి. నీళ్లు చుక్కలు చుక్కలుగానే వాడాలి. ఒకేసారి చెంచాడు పోస్తే పైన జిగురై కింది తురుము అతుక్కోదు. మధ్యలో గాలి ఉండిపోతే కొద్దిరోజులకే అక్కడికి నీళ్లు చేరి, సబ్బు మొత్తం ఊడి గిన్నెలో గిర్రున తిరగడం మొదలెడుతుంది. అదిమాక ఒక రోజు మూత పెట్టకుండా వదిలేయాలి. మైక్రోవేవ్‌లో కరిగించే ఆలోచన మాత్రం వద్దు. గ్లిజరిన్ బేస్‌ని అచ్చు పోసిన సబ్బైతే కరుగుతుంది గానీ, మరలో ఒత్తిన గట్టి బిళ్ల కరగదు. పొంగి మాడుతుంది, వాసన పోతుంది.

లావణ్య_సైనిక్‌పురి:
సబ్బు తయారుచేసే వైపు నుంచి చెబుతాను. షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువగా వేసి, దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో, కొంత సోడియం హైడ్రాక్సైడ్‌తో సబ్బుగా మారుస్తాం. పొటాషియం వాటా పెరిగేకొద్దీ సబ్బు మెత్తబడుతుంది, నీళ్లలో త్వరగా కరుగుతుంది, తేమని పట్టి ఉంచుకుంటుంది. సోడియం వాటా పెరిగితే గట్టిపడుతుంది. ఎలాంటి డబ్బా కావాలన్నది ఇక్కడే తేలిపోతుంది. మెత్తటి సబ్బుకి లోపలి నీరు పోకుండా కాపాడే మూత కావాలి, గట్టి బిళ్లకి ఆరే వీలు కావాలి. సబ్బు ఏదైనా ఒకే స్టీల్ గిన్నె అన్న ఫణి గారి మాటతో నేను ఏకీభవించలేను.

ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా, వేడిగా ఉంటుంది. మూతలేని గిన్నెలో మెత్తటి సబ్బు నీరు కోల్పోయి కుంచించుకుపోతుంది, గోడ నుంచి విడివడి పగుళ్లిస్తుంది. పాడైందని పారేయక్కర్లేదు. అంచు వెంట చెంచాడు వేడినీళ్లు పోసి, ఐదు నిమిషాలాగి, ఒంపేసి అదిమితే మళ్లీ కూర్చుంటుంది. వానలు మొదలయ్యాక దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. సబ్బులోని గ్లిజరిన్ గాలిలో తేమని లాక్కుంటుంది, పైన చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి. ఆ తడి మీదే మూత బిగిస్తే పైపొర ముద్దైపోతుంది.

డబ్బా దేంతో చేశారన్నదీ చూడండి. సబ్బు పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. ఆ క్షారం అల్యూమినియంని తింటుంది. లోపలి పూత గీసుకుపోయిన చోట నల్లమరకలు పడి సబ్బుకి అంటుతాయి. ఇనుప రేకు డబ్బాలకి అడుగు అంచు మడతలో తుప్పు పడుతుంది, తడి బాత్రూం గట్టు మీద పెడితే ఇంకా త్వరగా పడుతుంది. నిమ్మ, నారింజ నూనెలున్న సబ్బుని పాలీస్టైరీన్ డబ్బాలో పెడితే వాటిలోని లిమోనీన్ ఆ ప్లాస్టిక్‌ని మెత్తబరిచి సన్నటి పగుళ్లు తెస్తుంది. డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్, దిగుల్లేదు. 6 ఉంటే పాలీస్టైరీన్. చెక్క గిన్నెలు అందంగా ఉంటాయి, కాదనను. కానీ పూత సరిగా లేకపోతే రోజూ తడిసి ఆరే చెక్క చీలక మానదు.

వహీద్_టోలీచౌకి:
లావణ్య గారు చెప్పింది ఒప్పుకుంటూనే నేను పెద్ద దిమ్మ వైపు నిలబడతాను. చెల్లా కిలో దిమ్మ కూడా వస్తుంది. నలుగురు కలిసి తెప్పించి పంచుకుంటే డబ్బాల ఖర్చు మిగులుతుంది, ఎవరికి వాళ్లు కొరియర్ కట్టే పనీ ఉండదు. సిరామిక్ గిన్నెతో వచ్చే 125 గ్రాముల సబ్బు సంగతి చూడండి. గిన్నె, అట్టపెట్టె, బబుల్ ర్యాప్ కలిశాక కొరియర్‌వాళ్ల అర కిలో బరువు పరిమితి దాటేయొచ్చు. అప్పుడు కొరియర్ ఛార్జీలో ఎక్కువ భాగం గిన్నె మోసినందుకే. ఆ గిన్నె నచ్చితే ఒక్కసారి కొనండి, తర్వాత ఎప్పుడూ రీఫిలే.

దిమ్మని సన్నటి తీగతో గానీ పొడి కత్తితో గానీ 8 ముక్కలు చేస్తే ఒక్కోటి 125 గ్రాములు. ప్రతి ముక్కనీ ముందు బటర్ పేపర్‌లో, ఆపైన క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టి, జిప్ కవర్లో పెట్టి గాలి నొక్కేసి మూయాలి. అల్యూమినియం ఫాయిల్ నేరుగా తగలనీయొద్దు, పైన చెప్పిన క్షారం సంగతే. కోసిన తేదీ రాసిన చీటీ లోపల పెట్టండి. అటక మీద దాచొద్దు, వేసవిలో శ్లాబు కింద కాగిపోతుంది. బీరువా కింది అర మేలు.

శ్రీకాంత్_మల్కాజిగిరి:
వహీద్ భాయ్, పంచుకునేటట్టయితే సరే. ఒక్కరే ఉంచుకుంటే? ఒక్కో షేవ్‌కి గ్రాము అటూ ఇటూ ఖర్చవుతుంది. రోజూ గీసుకునేవాళ్లకే కిలో రెండున్నరేళ్లు దాటుతుంది. వారానికి మూడుసార్లయితే ఆరేళ్ల పైమాటే. బాదం వాసననిచ్చే బెంజాల్డిహైడ్‌కి గాలి తగిలితే మెల్లగా బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది, ఆ పరిమళం పోతుంది. దిమ్మని 8 ముక్కలు చేశామంటే గాలి తగిలే ముఖాలు పెరిగినట్టే. నిమ్మజాతి వాసనలైతే ఇంకా ముందే ఎగిరిపోతాయి. నురగ అప్పటికీ కడుతుంది, నిజమే. కానీ మనం డబ్బిచ్చింది ఆ వాసనకి కూడా. ఆలివ్ నూనె లాంటివి ఉన్న సబ్బులకి ముక్కిపోయే భయం కూడా ఉంది.

అందుకే వాడకం తెలియకుండా సైజు ఎంచుకోవద్దంటాను. 0.1 గ్రాము దాకా చూపే చిన్న కాటా మీద, పూర్తిగా ఆరిన సబ్బుని గిన్నెతో సహా తూచండి. పది షేవ్‌లయ్యాక ఒక రోజంతా ఆరనిచ్చి మళ్లీ తూచి, తేడాని పదితో భాగించండి. తడిగా ఉన్నప్పుడు తూస్తే సబ్బు పీల్చుకున్న నీరు లెక్క చెడగొడుతుంది.

నరేశ్_మణికొండ:
గ్రాముల లెక్కలో నీళ్లని వదిలేశారు. బోరునీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని స్టియరేట్‌తో (లావణ్య గారు చెప్పిన స్టియరిక్ ఆమ్లం నుంచి వచ్చేదే) కలిసి నీటిలో కరగని తెట్టు కడతాయి. అలా పోయిన సబ్బు నురగకి రాదు, సింకు చుట్టూ తెల్లగీతగా మిగులుతుంది. మంజీరా, కృష్ణా నీళ్లొచ్చే ఇంట్లో గ్రాముతో అయ్యే షేవ్‌కి, బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్‌లో ఒకటిన్నర, రెండు గ్రాములు పట్టొచ్చు. అంటే అదే 150 గ్రాముల డబ్బా రోజూ వాడితే ఒకరికి ఐదు నెలలు, ఇంకొకరికి రెండున్నర నెలలు.

కొత్త సబ్బైతే ముందు 5, 10 గ్రాముల శాంపిల్ తెప్పించండి. శాంపిల్ డబ్బాలో బ్రష్ పట్టదు కాబట్టి గ్రాము సబ్బు తీసి, గిన్నె అడుగున వేలితో పల్చగా పూసి, నీళ్లు పిండేసిన బ్రష్‌తో మొదలుపెట్టి, చెంచాలో పావు వంతు చొప్పున నీళ్లు కలుపుతూ పోవాలి. ఒకసారి బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో, ఇంకోసారి కుళాయి నీళ్లతో చేసి చూడండి. రెండిట్లోనూ నురగ ఒకేలా నిలిస్తే నిశ్చింతగా పెద్ద సైజు తీసుకోండి. డిస్టిల్డ్‌తో నిలిచి, కుళాయి నీళ్లతో రెండు నిమిషాల్లో బుడగలై కూలిపోతే తప్పు సబ్బుది కాదు. అలాంటి ఇళ్లలో టెట్రాసోడియం ఈడీటీఏ కలిపిన సబ్బు చూసుకోవాలి, అది కాల్షియంని ముందే పట్టేసుకుంటుంది. లేదంటే షేవింగ్‌కి ఒక గ్లాసు ఆర్‌ఓ నీళ్లు పక్కన పెట్టుకున్నా చాలు.

ఫణి_కూకట్‌పల్లి:
నరేశ్ అన్నా, శాంపిల్ మాట బాగుంది. కానీ సబ్బు ఎక్కువ పట్టే ఇంట్లో గ్రాము ధర ఇంకా ముఖ్యమవుతుంది కదా. మీరు చెప్పింది నా వాదనకే బలం.

ధర పోల్చేవాళ్లు రెండు విషయాల్లో జాగ్రత్తపడాలి. ఒకటి, కొన్ని డబ్బాల మీద గ్రాములుంటాయి, కొన్నిటి మీద ఎం.ఎల్. ఉంటుంది. గాలి పట్టేలా గిలక్కొట్టిన మెత్తటి సబ్బు 150 ఎం.ఎల్. తూస్తే 150 గ్రాములకి తక్కువే తూగుతుంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రెండు, మన సబ్బుల కవర్ల మీద నికర బరువు పక్కన ‘ప్యాక్ చేసినప్పుడు’ అన్న మాట కనిపిస్తుంది. షాపులో ఉన్నంత కాలం సబ్బు నీరు కోల్పోతూనే ఉంటుంది కాబట్టి ఆ మాట. కాగితం చుట్టిన బిళ్ల ఏడాది అరలో ఉండి వస్తే బరువు తగ్గి ఉంటుంది. పోయింది నీరే కనుక మనకి నష్టం లేదు, పైగా అలాంటి బిళ్ల నెమ్మదిగా అరుగుతుంది. తయారీ నెల చూసి పాతదని వెనక్కి పెట్టేయకండి.

రమ్య_శంషాబాద్:
ప్రయాణాల సంగతి ఎవరూ ఎత్తలేదు. చాలాచోట్ల అంతర్జాతీయ విమానాల్లో చేతిసంచిలో ద్రవాలు, పేస్టులు 100 ఎం.ఎల్. మించిన డబ్బాలో ఉండకూడదు. తనిఖీవాళ్లు చూసేది డబ్బా సైజు, లోపల ఎంత మిగిలిందన్నది లెక్కలోకి రాదు. 150 ఎం.ఎల్. డబ్బాలో అడుగున కొంచెమే ఉన్నా తీసేస్తారు. మెత్తటి సబ్బుని పేస్టు కింద లెక్కేసే వీలుంది. గట్టి బిళ్లకీ స్టిక్‌కీ ఆ పరిమితి లేదు. అందుకే స్టిక్ మొత్తం తురిమేయకుండా ఒకటి అలాగే ఉంచుకోవడం మంచిది. తడి గడ్డం మీద నేరుగా రుద్ది, బ్రష్‌తో నురగ తేవచ్చు. బ్లేడ్లు మాత్రం చెక్ ఇన్ సామానులోనే వెళ్లాలి.

ఫణి_కూకట్‌పల్లి:
లావణ్య గారూ, మూతున్న స్టీల్ గిన్నె తీసుకుంటే మీ అభ్యంతరం తీరుతుందా? వానాకాలంలో మూత ఎప్పుడు పెట్టాలో కూడా చెప్పండి.

లావణ్య_సైనిక్‌పురి:
తీరుతుంది ఫణి గారూ, మూత నిజంగా బిగుతుగా ఉంటే. షేవ్ కాగానే పైన మిగిలిన నురగని వేలితో తీసేసి, ఫ్యాన్ గాలి తగిలే చోట రెండు మూడు గంటలు తెరిచి ఉంచండి. వేలు పెడితే తడి అంటనప్పుడు మూయండి. బాత్రూంలో ఆరబెడితే గీజర్ ఆవిరికి ఎప్పటికీ ఆరదు. గట్టి బిళ్లనైతే రాత్రంతా తెరిచే ఉంచొచ్చు. మర మూత డబ్బాలు వాడేవాళ్లు మరల్లో పేరుకున్న సబ్బుని వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో, వేడినీళ్లతో కడగాలి. లేకపోతే మూత సగంలోనే పట్టేసి, బిగిసిందని మనం అనుకుంటాం, లోపల సబ్బు ఎండిపోతూ ఉంటుంది.

రీఫిల్ బిళ్ల కోసం గిన్నె కొనేవాళ్లు పైఅంచు దగ్గర కొలవొద్దు, అడుగు కొలవండి. స్టీల్ గిన్నెలు కిందికి సన్నబడతాయి. పైన 8 సెం.మీ. ఉన్నది అడుగున 7 కూడా ఉండకపోవచ్చు. బిళ్ల పక్కగోడల మీద ఆగిపోయి కింద ఖాళీ ఉంటే నీళ్లన్నీ అక్కడే నిలిచి అడుగు నుంచి కరుగుతుంది. అలా అయితే బిళ్ల అంచుని కత్తితో ఏటవాలుగా చెక్కి, ఆ చెక్కులు తడిపి కింద పరిచి, బిళ్లని మెలితిప్పుతూ నొక్కి రాత్రంతా కదపకుండా వదిలేయండి.