అమ్మేసిన గిటార్ మళ్లీ కనబడింది. కొనాలా, వదిలేయాలా?

ఆరోతీగ:
పదకొండేళ్ల కిందట ఒకే వారంలో నా స్ట్రాట్ ఎలక్ట్రిక్ గిటార్, దాంతోపాటు పన్నెండు అంగుళాల స్పీకర్ ఒక్కటున్న చిన్న ట్యూబ్ యాంప్ (గిటార్ సౌండ్ పెంచే పెట్టె) అమ్మేశాను. డబ్బు అవసరమై కాదు, ఇప్పుడు మండుతున్నది అందుకే. బ్యాండ్ విడిపోయింది, ఇల్లు మారుతున్నాం, యాంప్ మోయలేని బరువు. ఇంక ఎవడు వాయిస్తాడులే అనుకున్నా. కొన్న కుర్రాడు గిటార్‌ని కేసులో పెట్టి క్లిప్పులు టక్ టక్‌మని వేస్తున్నప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. ఆరు నెలల తర్వాత ఒక పాట తలలో తిరుగుతుంటే చెయ్యి దానంతట అదే గోడ మూలకి పోయింది. అక్కడ గిటార్ లేదు. అప్పుడు తెలిసింది.

మొన్న సెకండ్‌హ్యాండ్ ప్రకటనల్లో అదే గిటార్ కనబడింది. అదేనని ఎలా తెలుసంటే, నెక్ (చేత్తో పట్టుకునే మెడ) వెనక ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర చిన్న సొట్ట ఉంది. ఒక షోలో మైక్ స్టాండ్ మీద పడి అయింది. ఐదో ఫ్రెట్‌లో బార్ కార్డ్ పట్టినప్పుడల్లా, అంటే చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కినప్పుడల్లా, బొటనవేలు సరిగ్గా అందులో కూర్చునేది. స్టేజీ మీద లైట్లు ఆపేసినా ఎక్కడున్నానో తెలిసేది. ఫొటోలో ఆ సొట్ట చూశాక రెండు రాత్రులు నిద్ర లేదు. అడుగుతున్న ధర నేను అమ్మినదానికి మూడు రెట్ల పైనే.

కొనాలా, లేక ఇది వట్టి పిచ్చా? ఇక్కడ చాలామంది ఏదో ఒకటి అమ్మి ఏడ్చినవాళ్లేగా, చెప్పండి.

పాతచెక్క:
ఇందులో అడగడానికేముందండీ, కొనేయండి. 1976లో టొరొంటోలో ఒక హోటల్ గదిలోంచి కెనడా రాక్ గిటారిస్ట్ ర్యాండీ బాక్‌మన్ గిటార్ పోయింది, నారింజ రంగు గ్రెచ్, 1957 నాటిది. ఆ లోటు తీర్చుకోవడానికి ఆయన గ్రెచ్ గిటార్లు వందల్లో పోగేశాడు. ఏదీ ఆ గిటార్ కాలేదు. చివరికి ఒక అభిమాని పాత వీడియోలో దాని చెక్క మీది మచ్చ చూసి, ఇంటర్నెట్‌లో వెతికి వెతికి, జపాన్‌లో ఒక సంగీతకారుడి చేతిలో ఉందని కనిపెట్టాడు. 2022లో బాక్‌మన్ టోక్యో వెళ్లి, దాదాపు అచ్చు అలాంటిదే ఇంకొకటి వాళ్లకిచ్చి తనది తెచ్చుకున్నాడు. నలభై ఆరేళ్లు! మీవి పదకొండే.

తూకంరాయి:
ఆయనది దొంగతనం, ఈయనది అమ్మకం. రెండూ ఒకటి కావు. దొంగ ఎత్తుకుపోతే కోపం వస్తుంది. మనమే అమ్ముకుంటే వచ్చేది వేరే, అందులో మన తెలివితక్కువతనం మీద మన కోపం కూడా కలిసి ఉంటుంది. ఆ కోపాన్ని గిటార్ మీద ప్రేమ అనుకుని మూడు రెట్లు పెట్టి కొంటే, రేపటి నుంచి ఆ కోపం ధర మీదికి మళ్లుతుంది.

ఇంకో సంగతి. ఆరోతీగ గారూ, మీరు జీవితంలో ఎన్ని వస్తువులు అమ్మి ఉంటారు? పెడల్స్, పాత కేబుళ్లు, మొదట కొన్న చవక గిటార్? వాటి గురించి ఒక్క పోస్టయినా పెట్టారా? హాయిగా అమ్మేసి మర్చిపోయినవి ఎవరూ లెక్కేయరు. అందుకే అమ్మినవాళ్లంతా ఏడుస్తున్నట్టు కనిపిస్తుంది.

1990లో కానెమన్, నెచ్, థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. సగంమందికి కాఫీ కప్పులిచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. మిగతావాళ్లని ఎంతకైతే కొంటారని అడిగారు. కప్పు చేతికొచ్చి కాసేపే అయింది, అయినా ఉన్నవాళ్లు అడిగిన ధర లేనివాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు దాటింది. కప్పుకే అలా ఉంటే, ఏళ్ల తరబడి గుండెకి ఆనించుకున్న గిటార్ సంగతి చెప్పాలా? మీకు గుర్తొస్తున్నది గిటార్ కాదు గురూ, ఆ బ్యాండ్, ఆ వయసు.

ఆరోతీగ:
బ్యాండ్‌ని నేనేమీ అంతగా తలచుకోవట్లేదు. డ్రమ్మర్‌ని అసలే కాదు. సొట్టనే.

సోల్డర్‌పొగ:
గిటార్లూ యాంపులూ బాగుచేయడమే నా పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు యాంపునీ గిటార్‌నీ విడదీయండి. అందరూ రెండింటికీ కలిపి ఒకే ఏడుపు ఏడుస్తారు, అక్కడే తప్పు. ట్యూబ్ యాంప్ అనేది అరిగిపోయే సరుకు. ట్యూబులు వాడకాన్ని బట్టి పోతూనే ఉంటాయి. ఫిల్టర్ కెపాసిటర్లు పదిహేను, ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఎండిపోయి, యాంప్ గుర్రుమనడం మొదలెడుతుంది. స్పీకర్ కోన్ ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది, ఆ మెత్తదనమే మీకు నచ్చిన తీపి సౌండ్, అదే ఇంకా ముదిరితే చిరుగు. మీరు అమ్మిన యాంప్ ఈరోజు దొరికినా, లోపల సగం కొత్త సరుకే ఉంటుంది. లేకపోతే అది పనిచేస్తూ ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్లు ఆ మోడల్‌వే ఉంటే, అదే మోడల్ ఇంకో యాంప్ కొని నాలాంటివాడి చేత సర్వీసు చేయిస్తే మీ యాంప్ మీకు వచ్చినట్టే.

పైగా యాంప్ విషయంలో మనకి గుర్తుండేది ఎక్కువగా వాల్యూమ్. రిహార్సల్ గదిలో ఆరులో పెట్టి వాయించినప్పుడు పవర్ ట్యూబులు నలిగి పాడతాయి, ఆ గాలి ప్యాంటుకి తగులుతుంది. అదే యాంప్ ఇంట్లో ఒకటిన్నర దాటదు. ఒకటిన్నరలో అది వేరే యాంప్. తిరిగి కొన్నవాళ్లు నిరాశపడి నా దగ్గరికి తెస్తారు, ఏదో పాడైంది చూడమని. ఏమీ పాడవదు. గది మారింది, అంతే.

గిటార్ అలా కాదు. అందులో మార్చలేనిది నెక్. ఒకే ఫ్యాక్టరీలో ఒకే ఏడాది చేసిన రెండు నెక్‌లు చేతికి ఒకేలా ఉండవు, చేత్తో సాండింగ్ చేసిన రోజుల్లోవి అసలే ఉండవు. పదేళ్లు వాయిస్తే మీ చెమటకి వెనక ఫినిష్ అరుగుతుంది, ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు కూర్చున్న చెక్క పలక) అంచులు గుండ్రబడతాయి. ఆ అరుగుదల మీ వేళ్ల కొలతకే వచ్చింది, ఇంకెక్కడా దొరకదు. కాబట్టి నా మాట: యాంప్‌ని మర్చిపోండి, గిటార్‌ని చూడండి. కానీ డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఫ్రెట్లు మార్చారా? మార్చేటప్పుడు ఫ్రెట్‌బోర్డుని చదును చేశారా? పికప్‌లు (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంతపు ముక్కలు) ఒరిజినలేనా? పికప్ మారితే మళ్లీ పెట్టొచ్చు. బోర్డు మీద చెక్క గీకేస్తే మళ్లీ అతికేదేమీ లేదు.

తూకంరాయి:
మీ అనుభవానికి దండం సోల్డర్‌పొగ గారూ, కానీ "వేళ్లకి తెలుస్తుంది" అనే మాట పరీక్షకి నిలవలేదు. వయొలిన్ వాళ్ల సంగతి చూడండి. క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. 21 మంది వయొలినిస్టులకి కళ్లు కనబడకుండా నల్ల అద్దాలు పెట్టి, మసక గదిలో పేరుమోసిన స్ట్రాడివేరియస్‌లతో సహా పాత వయొలిన్లూ, కొత్తవీ ఇచ్చారు. ఎక్కువమంది కొత్తదాన్నే మెచ్చారు, చేతిలో ఉన్నది పాతదో కొత్తదో చాలామంది చెప్పలేకపోయారు. మూడు వందల ఏళ్ల చెక్కకే ఆ గతి పట్టింది.

నిదానంగా:
ఆ పరీక్ష గురించి నేనూ చదివాను తూకంరాయి గారూ. మంచి పరీక్షే. కానీ మన ప్రశ్నకి అది జవాబు కాదు. వాళ్లకిచ్చినవన్నీ పరాయి వయొలిన్లు. వీటిలో ఏది బాగుందని అడిగారు. "వీటిలో మీది ఏది?" అని అడగలేదు. వాళ్ల సొంత వయొలిన్ కూడా అందులో కలిపి పెట్టి ఉంటే కళ్లు మూసుకుని క్షణంలో తీసేవాళ్లని నా పందెం. ఆరోతీగ గారు తన గిటార్ ప్రపంచంలోకెల్లా గొప్పదని అనలేదు. తనది అన్నారు.

అలాగని కొనమనీ చెప్పను. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బ్యాండ్ గిటారిస్ట్ పీటర్ గ్రీన్ తన 1959 లెస్ పాల్ గిటార్‌ని కుర్రాడిగా ఉన్న గ్యారీ మూర్‌కి అమ్మేశాడు. మూర్ దాన్ని దశాబ్దాలు వాయించి 2006లో అమ్మాడు. 2014లో మెటాలికా గిటారిస్ట్ కిర్క్ హామెట్ చేతికొచ్చింది, ఇప్పుడు స్టేడియాల్లో మోగుతోంది. గ్రీన్ దాన్ని పెట్టెలో దాచుకుని ఉంటే మనకి ఒకటే గొంతు వినబడేది, ఇప్పుడు మూడు వినబడ్డాయి. మీ స్ట్రాట్ కొన్న కుర్రాడు పదకొండేళ్లు దాంతో ఏం చేశాడో మనకి తెలియదు. అతని బొటనవేలు కూడా ఆ సొట్టలో కూర్చునే ఉంటుందిగా?

సోల్డర్‌పొగ:
గ్రీన్ గిటార్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. దాని స్విచ్ మధ్యలో పెడితే వచ్చే ఆ ముక్కుతో పాడినట్టుండే సౌండ్‌కి కారణం, నెక్ పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉండటం. పొరపాటో, రిపేరో. అది కావాలని వచ్చిన కస్టమర్లకి అరగంటలో తిప్పి పెట్టాను. సౌండ్ వస్తుంది. తర్వాత "ఏదో తక్కువైంది" అంటారు. ఏం తక్కువైందో నా మీటర్‌లో కనబడదు.

బేస్‌మనిషి:
నేను ఏదీ అమ్మను. ఎందుకంటే పద్దెనిమిదేళ్లప్పుడు ఒకటి అమ్మి మీలాగే ఏడ్చా, అప్పుడే ఒట్టేసుకున్నా. ఫలితం: ఇంట్లో తొమ్మిది బేస్ గిటార్లు, వాయించేది ఒకటి. మిగతా వాటి తీగలు తుప్పు, రెండింటి నెక్ వంగింది, ఒకదాని ఎలక్ట్రానిక్స్ గరగర. మంచం కింద యాంప్ ఉంది, ఆన్ చేసి నాలుగేళ్లైంది, ఇప్పుడు ఆన్ చేయాలంటే భయం. అమ్మినందుకు బాధ ఒకసారి. అమ్మనందుకు బాధ ప్రతి ఆదివారం, దుమ్ము దులిపేటప్పుడు.

తూకంరాయి:
బేస్‌మనిషి గారి ఒక్క పోస్టు నా మూడు పోస్టులకి సమానం.

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్‌ని తీసుకోండి. 2019 జూన్‌లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 120కి పైగా గిటార్లు అమ్మేశాడు. ఆ నల్ల స్ట్రాట్ ఒక్కటే 39,75,000 డాలర్లు పలికింది. డబ్బంతా వాతావరణం కోసం పనిచేసే క్లయింట్‌ఎర్త్‌కి ఇచ్చాడు. ఆయన కంటే ఎక్కువ బంధం ఉందా మనకి మన గిటార్లతో?

పాతచెక్క:
ఆ నల్ల స్ట్రాట్‌కి ఫెండర్ 2008లోనే అచ్చు నకలు తయారుచేసింది తూకంరాయి గారూ. గిల్మర్‌కి మిగిలే అవకాశాలూ, మనకి మిగిలే అవకాశాలూ ఒకటేనా? మనం అమ్మితే దాని సొట్టతో సహా నకలు తీసేవాడు ఎవడున్నాడు?

మళ్లీకొన్నా:
చాలాకాలంగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి. నేను ఎనిమిదేళ్ల తర్వాత నా అకూస్టిక్ తిరిగి కొన్నాను. ఇంటికి తెచ్చి కేసు తెరిచాను. ముందు వాసన వచ్చింది, అదే వాసన, కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత జి కార్డ్ పట్టాను. మధ్యలో ఉన్నాయన నట్ (మెడ చివర తీగలు ఆనుకునే ముక్క) మార్పించి తీగలు బాగా కిందికి దింపాడు, వేళ్లు అలవాటుగా గట్టిగా నొక్కితే శ్రుతి పైకి జారింది. నా చెయ్యి కూడా మారింది, ఎనిమిదేళ్లుగా వేరే గిటార్ మీద వాయిస్తున్నాను మరి. రెండు వారాలు ఒకరికొకరు కొత్తవాళ్లలాగే ఉన్నాం. ఇప్పుడు బాగానే ఉంది. కానీ నేను కొన్నది నేను అమ్మిన గిటార్ కాదు. అది తెలిసీ కొంటానంటే కొనండి. నేనైతే మళ్లీ కొంటాను.

నిదానంగా:
గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ గిటార్ "బ్లాకీ" కూడా అంతేగా. 1970లో కొన్న పాత స్ట్రాట్లలో మూడింటి భాగాలు విప్పి ఒకటిగా కలిపాడు. దానికంటూ పుట్టుక లేదు, ఆయన చేతిలో ఉండి ఉండి ఒక గిటార్ అయింది. దాన్నీ 2004లో అమ్మేశాడనుకోండి, తను పెట్టిన వ్యసన విముక్తి కేంద్రం కోసం.

ఆరోతీగ:
అందరికీ థ్యాంక్స్. సోల్డర్‌పొగ గారు చెప్పిన మూడు ప్రశ్నలూ అమ్మే ఆయనకి పంపాను. ఆయన నా దగ్గర కొన్న కుర్రాడు కాదు, మధ్యలో ఇంకొకరు ఉన్నారట. పికప్‌లు ఒరిజినలే. ఫ్రెట్లు మార్చారు, స్టీల్ ఫ్రెట్లు. బోర్డు 7.25 అంగుళాల రేడియస్ (బోర్డు గుండ్రదనం, అంకె పెరిగితే చదును) నుంచి 12కి చదును చేయించారట, బెండింగ్‌లో, అంటే తీగని పక్కకి లాగినప్పుడు, నోట్ చచ్చిపోకుండా. ఆయన అది గొప్పగా చెప్పాడు, ప్రకటనలో కూడా పెట్టాల్సింది అన్నాడు.

ఫొటోలో సొట్ట అలాగే ఉంది. అంటే నెక్ వెనక నాది, ముందు వేరేవాళ్లది. సోల్డర్‌పొగ గారూ, 12 అంటే చేతికి బాగా తేడా తెలుస్తుందా?

సోల్డర్‌పొగ:
తెలుస్తుంది. బెండింగ్‌లో హాయిగా ఉంటుంది. మీరన్న బార్ కార్డ్‌లో మాత్రం చూపుడువేలికి తెలుస్తుంది. పాతదాని మీద వేలు గుండ్రంగా ఒదిగేది, దీని మీద పలక మీద పెట్టినట్టుంటుంది. నడుమ నుంచి చెక్క పోయింది కాబట్టి నెక్ మందం కూడా ఒక పిసరు తగ్గి ఉంటుంది. వెళ్తే మీ తీగల సెట్ తీసుకెళ్లండి, ఆయన ఏ గేజ్ (తీగల మందం) వేశాడో ఏమో. యాంప్‌కి పెట్టకముందు ఉత్త గిటార్‌గానే పావుగంట వాయించండి. ఐదో ఫ్రెట్ దగ్గరికి మాత్రం చివర్లో వెళ్లండి.

ఆరోతీగ:
ఆదివారం పొద్దున వెళ్తున్నా. డబ్బు తీసుకెళ్లాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. పదో నంబర్ తీగల సెట్ మాత్రం బ్యాగులో పెట్టేశా.

తూకంరాయి:
కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి.

పాతచెక్క:
వినకండి ఆయన మాట.