చదివించు, చదువుకొను, చదివించుకొను

మొన్న ఇక్కడ ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. పుస్తక సమీక్షల్లో ‘చదివించే గుణం ఉంది’, ‘ఏకబిగిన చదివించింది’ అని రాస్తుంటారు కదా, చదివేది మనమైనప్పుడు చదివించేది పుస్తకం ఎలా అవుతుంది, ఇది ఇంగ్లీషు పోకడేమో అని ఆయన సందేహం. కాదని నా నమ్మకం. ఆకలి ఎంత పనైనా చేయిస్తుంది, మిరపకాయ కన్నీళ్ళు పెట్టిస్తుంది. ప్రాణం లేనివాటి చేత పని చేయించడం మన భాషకు కొత్త కాదు. పుస్తకం చదివించడం కూడా ఆ దారిలోదే.

అయితే ఈ ప్రశ్న నన్ను పోతన పద్యం దగ్గరికి తీసుకుపోయింది. ప్రహ్లాదుడు తండ్రితో అంటాడు:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నే
చదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

విజయనగరంలో ఆరో తరగతిలో దీన్ని వల్లెవేశాను. తప్పు లేకుండా ఒప్పజెప్పినందుకు తెలుగు మాస్టారు తన కలం ఇచ్చి ఆ రోజంతా నన్ను రాసుకోనిచ్చారు. ఒక కంద పద్యం నాలుగు పాదాల్లో ‘చదువు’ ఐదు సార్లు వస్తుందని అప్పుడు గమనించలేదు. ఇప్పుడు చూస్తుంటే దాని వరుస ఎంత బాగుందో! మొదటిది ప్రేరణార్థకం, అంటే ఎవరో చదివించారు. ఆ తరువాత తనే చదివాడు. చివరికి చదువుల లోపలి మర్మాన్ని చదివాడు. ఒక పాఠకుడి వయసులన్నీ ఆ నాలుగు పాదాల్లో ఉన్నాయనిపిస్తుంది.

నా విషయానికి వస్తే, గురువుల తరువాత నన్ను చదివించింది అద్దె. గంటస్తంభం దగ్గర నవలలు అద్దెకిచ్చే చిన్న కొట్టు ఉండేది. రోజు దాటితే మరో రోజు అద్దె కట్టాలి. అందుకని సాయంత్రం తెచ్చిన నవల తెల్లారేలోపు పూర్తి కావలసిందే. ‘ఏకబిగిన’ అనే మాటకు నాకు తెలిసిన అర్థం అదే. బిగి అంటే పట్టు, బిగువు. ఆ వయసులో ఆ పట్టు పుస్తకానిదే అనుకున్నాను. సగం అద్దెదని తరువాత తెలిసింది.

ఈ మధ్య చాగంటి సోమయాజులు గారి కథలు మళ్ళీ చదువుతున్నాను. చాసో మా ఊరివారన్న అభిమానం ఒకటి, కథలు చిన్నవి కావడం ఒకటి. ‘వాయులీనం’ పద్దెనిమిదేళ్ళ వయసులో పది నిమిషాల్లో చదివేశాను. భార్య జబ్బు నయం చేయించడానికి భర్త ఆమె వాయులీనాన్ని అమ్మేస్తాడు. ప్రాణం దక్కింది కదా అనుకుని పేజీ తిప్పేశాను. (అన్నట్టు, ఫిడేలుకు ఈ పేరు ఎంత అందంగా కుదిరిందో చూడండి. పలికితే వయొలిన్ వినిపిస్తుంది, విడదీస్తే గాలిలో లీనమైనదన్న అర్థం వస్తుంది.) ఇప్పుడు అదే కథకు నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ కథ నన్ను చదివించలేదు, ఆపింది. ఇలాంటప్పుడు ‘చదివాను’ అనడం చాలదు, ‘చదువుకున్నాను’ అనాలి. ఆ ‘కొను’ ఆత్మార్థకం, చేసిన పని ఫలం చేసినవారికే చెందుతుందని చెబుతుంది. ‘బాగా చదివాడు’ అంటే పరీక్షకో పుస్తకానికో సరిపోతుంది. ‘బాగా చదువుకున్నాడు’ అంటే మనిషి గురించి చెప్పినట్టు. అందుకే ‘చదివించే గుణం’ సరైన తెలుగే అయినా, పుస్తకానికి అదే పెద్ద మెప్పు అంటే ఒప్పుకోలేను.

శ్రీకాకుళం నుంచి ఒక మాస్టారి జవాబు:

మీరు ఒక రూపం వదిలేశారమ్మా. చదివించుకొను. మా వీధిలో చాలామంది ఖరగ్‌పూర్ రైల్వే పనులకు వెళ్ళినవారు. అంతకు ముందు తరంవారు రంగం, అంటే రంగూన్ వెళ్ళారు. ఉత్తరం వస్తే ఆడవాళ్ళు నన్ను పిలిచి చదివించుకునేవారు. నాకు తొమ్మిదేళ్ళు. ఒకావిడ ఒకే ఉత్తరం మూడు రోజులు చదివించుకుంది. అక్షరం రాని ఆవిడకు మూడో రోజుకు ఉత్తరమంతా కంఠతా వచ్చింది, నేను ఒక మాట దాటేస్తే పట్టుకుంది. నాకు తెలిసిన మొదటి గొప్ప పాఠకురాలు ఆవిడే. మరొకటి. ‘కొడుకును కష్టపడి చదివించాడు’ అంటాం. ఆ చదివించినవాడికి సంతకం కూడా రాకపోవచ్చు. గురువులకే కాదు, ఈ క్రియ వాళ్ళకూ చెందుతుంది. ఇక నా చదువు సంగతి. పదవీ విరమణ తరువాత నవలలు తగ్గాయి, కథలు పెరిగాయి. కథకులు కాళీపట్నం రామారావు గారు, అంటే మా కారా మాస్టారు, 1997లో మా ఊళ్ళో మొదలుపెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం ఉండగా నాకు కథల కొరత ఏమిటి? పాత పత్రికలో కథతో పాటు పక్కనున్న ప్రకటనలూ చదువుతాను. ఆ కథ ఏ కాలపు గాలి పీల్చిందో అక్కడ తెలుస్తుంది.

నా జవాబు:

మాస్టారూ, మీ జవాబు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మీరు చెప్పిన రూపం మా ఇంట్లోనే ఉంది, నాకు తట్టలేదు. అమ్మకు కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ అయ్యేదాకా పుస్తకం పట్టుకోలేదు కనుక రాత్రి భోజనాలయ్యాక నాచేత చదివించుకుంటోంది. పైకి చదువుతుంటే వాక్యాల బరువు నాకు గొంతులో తెలుస్తోంది. కళ్ళతో చదివినన్నాళ్ళూ అది నాకు తెలియదు. నిన్న ‘వాయులీనం’ అడిగింది. అమ్మేసిన చోటికి రాగానే ‘ఆగు’ అంది. ఆగాను. వీధిలో ఎవరో గేటు వేసుకున్న చప్పుడు, ఫ్యాను చప్పుడు. అమ్మ చీర కొంగు సర్దుకుంది.

‘ఊఁ, చదువు’ అంది.