సిలువపై నాలుగో మాట: అవమానమా, సిగ్గా?

పెద్దలకు నమస్కారం. మాది చిత్తూరు. శుభ శుక్రవారం ఆరాధనలో, యేసు సిలువపై పలికిన ఏడు మాటల్లో నాలుగోదైన "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నదానిపై మాట్లాడే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు.

ఏటా మా దగ్గర ప్రసంగాలన్నీ మేకులు, కొరడా, నెత్తురు చుట్టూనే తిరుగుతాయి. అయితే మార్కు సువార్త 15వ అధ్యాయాన్ని నిదానంగా చదివితే, సిలువ వేయడాన్ని ఒక్క మాటలో ముగించిన రచయిత, ఊదారంగు వస్త్రం, ముళ్ల కిరీటం, ఉమ్మి, చీట్లు వేసి పంచుకున్న బట్టలు, దారిన పోయేవారు తలలూపుతూ చేసిన ఎగతాళి, వీటిని మాత్రం ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. రోమీయులు ప్రధానంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసిన శిక్ష అది. ఈ మాటే, ముఖ్యంగా ఆయన బట్టలు పంచుకున్న సంగతి, మా అవ్వతో అంటే, గోడమీది సిలువ పటం వైపు చూసి, "ఆ నడుముకు గుడ్డ మనోళ్లు కట్టిందేనా నాయనా?" అని అడిగి, చాలాసేపు మాట్లాడలేదు.

నా సందేహం ఇది. హెబ్రీయులకు రాసిన పత్రిక 12:2లో ఆయన "అవమానమును నిర్లక్ష్యపెట్టి" సిలువను సహించాడని ఉంది. అవమానం ఇతరులు చేసేది, సిగ్గు లోపల కలిగేది. నాలుగో మాట 22వ కీర్తన మొదటి వాక్యం. అదే కీర్తన 5వ వచనంలో పితరులు దేవుని నమ్మి సిగ్గుపడలేదని ఉంది. అలాంటప్పుడు ఆ కేకలో యేసు సిగ్గును కూడా అనుభవించాడని చెప్పవచ్చా, లేక అది వాక్యాన్ని మించి పోవడమా? వేదాంతం చదివినవారు, ముఖ్యంగా హీబ్రూ తెలిసినవారు, ఆ వచనంలోని "సిగ్గు" అర్థాన్ని వివరించగలరని మనవి.